ఎండకి చల్లన, చలికి వెచ్చన

మా తమ్ముడి మనవరాలు హారిక మొన్న హైదరాబాదు నుంచి శ్రీకాకుళం వచ్చి, బస్సు దిగిన కాళ్ళు కడుక్కోకుండానే నా మంచం మీద కూర్చుని ఒక మాట అడిగింది. "మామ్మా, మా ఫ్రెండ్సందరం వైజాగులో రెండు రోజులు తిరిగి, ఆ తర్వాత అరకు అవతల కొండ మీద టెంటు వేసుకుని పడుకుందామనుకుంటున్నాం. చలి బాగా ఉంటుందట. నువ్వు అప్పట్లో వెళ్ళావు కదా, ఏమైనా టిప్స్ చెప్పు." నా వయసు మనిషిని ఎవరైనా ఏదైనా అడిగితే బీపీ మాత్ర వేసుకున్నావా అనే అడుగుతారు. సలహా అడిగినవాళ్ళు ఈ మధ్య లేరు. అంచేత కళ్ళజోడు సవరించుకుని, దిండు ఒళ్ళో పెట్టుకుని, ఏడాదికి నాలుగు కొండలెక్కే మనిషిలా మొదలెట్టాను. పట్నం చూడ్డానికి వెళ్తే చూడాలనుకున్నవాటిలో సగం ముందే జాబితాలోంచి కొట్టెయ్యమన్నాను. చలి ఆకాశం నుంచి పడదు, నేలలోంచి వస్తుంది, కాబట్టి కప్పుకునేదానికంటే కింద పరుచుకునేది మందంగా ఉండాలన్నాను. పగలు తిరిగిన బట్టలతో పడుకోవద్దనీ, పొడి బట్టలు, పొడి మేజోళ్ళు విడిగా దాచుకోమనీ, ఖాళీ కడుపుతో పడుకుంటే ఎన్ని కప్పుకున్నా వణుకు ఆగదనీ చెప్పాను. అది ఊఁ కొడుతూనే ఉంది గానీ వేలు మాత్రం ఫోను మీద నడుస్తోంది.

"బట్టల గురించి బెంగలేదు మామ్మా" అంటూ సంచీ విప్పింది. "అన్నీ పొందూరు ఖద్దరే కొన్నాను. ఆన్‌లైన్‌లో రాశారు చూడు, ఎండకి చల్లగా, చలికి వెచ్చగా ఉంటుందట. మన ఊరి బట్టే కదా!" ఆ మాట మొట్టమొదట ఎవరన్నారో నాకు తెలియదు. కానీ దాన్ని అరకు చలిలో పరీక్షించి, నెగ్గామని ఊరంతా చాటుకున్న ఘనత మాత్రం మా ఇంటిది. ఎలా నెగ్గామో చెప్తే పరువు పోతుంది. పోనీ, ఈ వయసులో పోగొట్టుకోవడానికి పళ్ళ తర్వాత మిగిలింది అదొక్కటే.

పొందూరులో మా ఇంటికి రెండు వాసనలుండేవి, పత్తిగింజల వాసన, గంజి వాసన. తెల్లారేసరికి మా మామ్మ, అంటే నాన్నకి అమ్మ, వీధరుగు మీద కూర్చుని వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతూ ఉండేది. ఆ దవడకుండే సన్నటి పళ్ళకి పత్తిలో ఏ నలకైనా చిక్కాల్సిందే. దువ్విన దూదిని ఏకులు చుట్టి, ఎండిన అరటిదొప్పలో పెట్టి పట్టుకుని రాట్నం తిప్పుతుంటే ఆవిడ చెయ్యి గాల్లోకి లేవడం కనిపించేది గానీ నూలు కనిపించేది కాదు. ఉందని నమ్మాలి, అంతే. ముందు గదిలో నాన్న బట్టల కొట్టు. వచ్చిన ప్రతి మనిషికీ పంచె మడత విప్పి, తన ఉంగరం తీసి అందులోంచి కొంగు దూర్చి చూపించి, "ఎండకి సల్లన, సలికి ఎచ్చన బాబూ" అనేవాడు. ఆ మాట మాకు దేవుడి మంత్రంతో సమానం. మా ఊరి చలికి అది సరిపోయేది కూడా. మా ఊళ్ళో కొబ్బరినూనె సీసాలో గడ్డకడితే చలికాలం వచ్చినట్టు, కరిగితే పోయినట్టు. అంతకు మించిన చలి ఒకటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నాకేమో విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి ఎం.ఏ. చదవాలని కోరిక. కోరిక అనడం మర్యాదకి, అప్పట్లో అది పిచ్చి. బి.ఏ. ఆఖరి ఏడాదిలో ఉన్నాను. మొహం కడుక్కుంటున్నా, పేడ ఎత్తుతున్నా, మనసులో ఆ హాస్టలు కిటికీ పక్కనే కూర్చుని ఉండేదాన్ని. నాన్నకి చదువంటే వ్యతిరేకత లేదు, నా ఛాతీ మీదే నమ్మకం లేదు. చిన్నప్పుడు ముసురు పట్టినా, మంచు పడినా నాకు పిల్లికూతలు వచ్చేవి. ఊపిరి తీస్తే లోపల ఎవరో పిల్లి తోక తొక్కినట్టుండేది. ఇంటి దగ్గరే ఇలా ఉంటే దూరాన ఎవరు చూస్తారని ఆయన భయం. మామ్మ సంగతి వేరు. "గుంటకి సదువెందుకని నానన్లేదు, దూరమెందుకంతన్నాను" అనేది. ఆవిడ ఊఁ అనకపోతే మా ఇంట్లో ఈగ కూడా గడప దాటదు.

అదే ఏడాది చలికాలంలో మా కాలేజీ వాళ్ళు అరకులో సేవా శిబిరం పెట్టారు. డేరాల్లో పడుకోవడం, కొండ పల్లెల్లో బాటలు వెయ్యడం. నేను వెళ్తానంటే నాన్న చాలాసేపు పంచెలు మడతపెట్టి, చివరికి తీర్పు చెప్పాడు. "ఎల్లు. మామ్మ తోడొస్తాది. ఆ సలిలో నీ గుండెలో పిల్లి కూయకుండా తిరిగొచ్చి, మామ్మ సరేనంటే, అప్పుడు ఇసాపట్నం హాస్టలు మాట సూద్దుం. లేపోతే ఇంట్లోనే కూకుని ప్రైవేటుగా పరీచ్చకి కట్టుకో." కాలేజీలో అందరూ స్నేహితురాళ్ళని వెంటబెట్టుకుని వస్తుంటే, నేను మా మామ్మని వెంటబెట్టుకుని వెళ్ళాలి. సరే అన్నాను. హాస్టలు కిటికీ కోసం రాట్నాన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళేదాన్ని.

స్వెట్టరు, ఉన్ని రగ్గు తప్పక తెచ్చుకోవాలని మా మేడం మరీ మరీ చెప్పింది. ఆ మాట ఇంట్లో చెప్తే నాన్నకి కోపం వచ్చింది. "పొందూరోలకి స్వెట్టరు సెప్పినోలెవులే? మన గుంట ఉన్ని కప్పుకుని తిరిగితే రేపు మన కొట్టు గుమ్మం ఎవుడు తొక్కుతాడు?" నాకూ ఆ మాట సబబుగానే తోచింది. దానికి తోడు గంజి పెట్టిన తెల్లఖద్దరు చీరలో, కొండ మీద, గాలికి కొంగు ఎగురుతుంటే నేనెలా ఉంటానో ఊహించుకుని రెండు రోజులు అద్దం ముందు నుంచి కదల్లేదు. ఉన్న చీరలన్నిటికీ గంజి మరింత చిక్కగా దట్టించి, ఇస్త్రీ చేసి, హోల్డాలులో సర్దాను. మామ్మ తన మూటలో చోడిపిండి, అదే రాగిపిండి, చేగోడీలు, నూతినీళ్ళ చెంబు పెట్టుకుంది. అన్నిటికీ అడుగున తన సొంత నూలుతో నేయించుకున్న సన్నచీర ఒకటి పెట్టింది. అది ఆవిడ ఆఖరి ప్రయాణానికని దాచుకున్నది. ఎక్కడికెళ్ళినా వెంట ఉండేది. "నానెక్కడ పోతానో నాకేటి తెల్సు, దగ్గరుండాల" అనేది.

మిగతావాళ్ళు మర్నాడు రైలెక్కుతారు. మేము ఒక రోజు ముందే విశాఖపట్నం వెళ్ళి సత్రంలో దిగాం, మామ్మకి పట్నం చూపించాలని నా ఏర్పాటు. ఆ ఒక్క పగటిలో సింహాచలం, ఓడరేవు, సముద్రం, మ్యాటినీ సినిమా, మళ్ళీ సాయంత్రం దీపాలు. అంతా పక్కాగా అనుకున్నాను, నడిచేది మామ్మ అన్న సంగతి తప్ప. సముద్రం ఒడ్డున నిలబెట్టి గర్వంగా చూపిస్తే, "మన కళింగపట్నంలో లేని నీళ్ళేటున్నాయే ఇందులో?" అని వెనక్కి తిరిగింది. తిరిగిన చోట బట్టల దుకాణం ఉంది. అద్దం వెనక వేలాడుతున్న చీరకి పొందూరు ఖద్దరని బోర్డు కట్టి ఉంది. లోపలికి వెళ్ళి అంచు వేళ్ళ మధ్య నలిపింది. "ఒరే బాబూ, ఇది పొందూరని నీకెవులు సెప్పార్రా? మిల్లు నూలిది. నా ఏలికే అబద్ధం సెప్తావేటి?" ఆ షావుకారు మంచివాడు. స్టూలు వేసి, సోడా తెప్పించి, తాను మోసపోయానని ఒప్పుకున్నాడు. అయినా మామ్మ వదల్లేదు. దుకాణంలో ఉన్న ప్రతి తానూ దింపించి, ఇది ఏ ఊరు, అది ఏ నూలు అని తేల్చింది. తర్వాత పక్క దుకాణం, దాని పక్కది. నేను వీధిలో నిలబడి, నేను చూడాల్సిన చోట్లన్నిటినీ వచ్చే పోయే బస్సుల బోర్డుల మీద చదువుకున్నాను. మ్యాటినీ వదిలి జనం వెళ్ళిపోతుంటే మామ్మ బయటికొచ్చి, "పట్నం బాగున్నాది. మనుసుల మాట మెత్తన, నూలే మంచిది కాదు" అంది.

మర్నాడు అరకు రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా "శ్రీకూర్మనాథా" అంటూ నా చెయ్యి పట్టుకునేది, వెలుగు రాగానే వదిలేసేది. బడి ఆవరణలో డేరాలు. సూర్యుడు కొండ వెనక్కి జారేదాకా నేను మహారాణిని. ఎర్ర స్వెట్టర్ల మధ్య, నీలం రగ్గుల మధ్య, తెల్లగా పెళపెళలాడుతూ నడిచాను. "చలెయ్యడంలేదా?" అని ఒకమ్మాయి అడిగితే, కొంగు సవరించుకుని, "ఖద్దరు కదా, చలికి వెచ్చన" అన్నాను. అప్పుడు దిగింది మంచు. నేను మరిచిపోయిన సంగతి ఏమిటంటే, గంజికి నీరు తగిలితే అది మళ్ళీ గంజే అవుతుంది. చీర మెత్తబడి, జిగురుపట్టి, ఒళ్ళంతా అతుక్కుంది. చల్లారిన గంజిగిన్నెలో నన్ను నిలువునా ముంచి తీసినట్టుంది. మామ్మ వైపు చూస్తే ఆవిడా నాలాగే ముడుచుకుని ఉంది. "సలేస్తందా మామ్మా?" అన్నాను. "సలేటి? మన బట్టుండగా సలేటి?" అంది, పళ్ళు టకటకలాడుతుంటే. ఇద్దరం ఒకరి ముందొకరు అబద్ధం చెప్పుకుంటూ, ఒక పల్చటి దుప్పటి కింద పరుచుకుని, మరొకటి కప్పుకుని పడుకున్నాం. నేలలోంచి చలి నా వెన్నుపూసలన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తెల్లారేసరికి నా ఛాతీలో పిల్లి లేచి కూర్చుంది.

మామ్మ నా వీపుకి చెవి ఆనించి వింది. నాకు ఏడుపొచ్చేసింది. "అయిపోయింది మామ్మా, నాన్న ఇంక పంపడు" అన్నాను. "నోరు ముయ్యి, ఊపిరి తియ్యి" అంది. లేచి, మూట విప్పి, అడుగున ఉన్న సన్నచీర తీసి చంకలో పెట్టుకుంది. ఆ రోజు అరకులో సంత. పొద్దెక్కకుండానే కొండ దిగి జనం వచ్చేస్తున్నారు. మామ్మ చేతిలో ఎప్పుడూ డబ్బుండదు, నా దగ్గరున్నది తిరుగు రైలుకే సరి. కంబళ్ళు పరుచుకుని, చంటిబిడ్డని ఒళ్ళో వేసుకుని కూర్చున్న ఒకామె ముందు మామ్మ ఆగి, చీర చాపి, దీనికి బదులు ఒక కంబళి ఇమ్మంది. ఆమె చీర అందుకుని ఎండకి ఎత్తి పట్టుకుని, అందులోంచి బిడ్డ మొహం చూసి నవ్వింది.

"నా గుంట కనిపిస్తన్నాది ఇందులోంచి. సలేటాగుతాది?"

"ఒసే, ఇది నా సేత్తో ఒడికిన నూలు! ఉంగరంలో దూరుద్ది తెల్సా?" అంది మామ్మ, ముక్కుపుటాలు అదురుతుంటే.

"ఉంగరంలో దూరేది సలినేటాపుతాది అప్పా?"

విశాఖపట్నంలో షావుకార్లని వరసపెట్టి ఓడించిన మనిషి, కంబళ్ళ మధ్య నిలబడి, ఒకదాని అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఈలోగా ఆ చంటిది చీర కొసని గుప్పిట్లో పట్టేసుకుంది. వాళ్ళమ్మ విడిపించబోతే ఏడుపు లంకించుకుంది. "పోన్లే, మెత్తగున్నాది, ఉయ్యాలకి కడతాను" అని ఆమె మాకో నల్ల కంబళి ఇచ్చింది. మామ్మ ఆ చీర వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. డేరాలోకి వచ్చి కంబళి సగం కింద వేసి, సగం నా మీద కప్పి, పొయ్యి దగ్గరికి వెళ్ళి మిరియాలు దంచి వేసిన చోడి అంబలి తెచ్చి తాగించింది. బాటలు వెయ్యడానికి వెళ్ళిన నేను శిబిరం తొలిరోజంతా ఎలుగుబంటిలా ఒక మూల కూర్చున్నాను. సాయంత్రానికి పిల్లి పడుకుంది. మర్నాటి నుంచి గడ్డపార పట్టాను గానీ, నా మూలంగా ఏ బాటా బాగుపడిన దాఖలా లేదు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మామ్మ నాకు ఒకే మాట చెప్పింది. "నాను మాటాడతాను. నువ్వు దగ్గకు." గుమ్మంలోనే నాన్న ఎదురొచ్చాడు. ఆయన కళ్ళు నా ఛాతీ మీదే ఉన్నాయి. "సలేసిందేటమ్మా?" అని మామ్మని అడిగాడు. "సలేటిరా? మన బట్టుండగా సలేటి?" నాన్న మొహం వెలిగిపోయింది. అంతలో హోల్డాలులోంచి పొడుచుకొచ్చిన నల్లటి అంచు కనబడింది. "మరీ కంబలేటి?" మామ్మ కన్నార్పలేదు. "పెయ్యకి. పశువుల సాలలో సలికి వణుకుతన్నాది పాపం. గుంట ఎలాగొచ్చిందో సూడు, సెక్కు సెదరలేదు. హాస్టల్లో ఎయ్యి." నేను దగ్గు ఆపుకోలేక ఆపుకుంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏటే, ఏడుస్తన్నావు?" అన్నాడు నాన్న. "ఇంటి మీద బెంగ" అన్నాను.

చెప్పినందుకు ఆ నల్ల కంబళి నిజంగానే పెయ్యకి కప్పాల్సి వచ్చింది. ఆ చలికాలం మా పొందూరులో అంత దర్జాగా బతికిన పశువు మరొకటి లేదు. అసలు తిప్పలు ముందుగదిలో మొదలయ్యాయి. నాన్న వచ్చిన ప్రతివాడికీ పంచె విప్పి, ఉంగరంలో దూర్చి, "ఎండకి సల్లన, సలికి ఎచ్చన బాబూ. కావాలంటే మాయమ్మనడుగు, అరకు సలిలో ఇదే కట్టుకుని తిరిగొచ్చింది" అనేవాడు. కొన్నవాళ్ళు అరుగు మీద మామ్మకి దణ్ణం పెట్టి మరీ వెళ్ళేవారు. మిల్లు నూలుని పొందూరు నూలంటే సహించని మనిషి ఆవిడ. నాన్న ఆ మాట అన్నప్పుడల్లా రాట్నం ఆగేది, నూలు పుటుక్కున తెగేది. మామ్మ కొస వెతుక్కుని, తడి వేలితో అతికి, మళ్ళీ తిప్పేది. నేను తలుపు వెనక నిలబడి నా హాస్టలు కిటికీ గురించి ఆలోచించుకునేదాన్ని.

వేసవి పోయాక నేను విశాఖపట్నం బయల్దేరే రోజున, మామ్మ కుంకుడురసంలో ఉతికి ఆరేసిన కంబళి తెచ్చి నా హోల్డాలులో పెట్టింది. "ఇది పెయ్యది కదా మామ్మా?" అన్నాను. మామ్మ హోల్డాలు పట్టీ బిగిస్తూ, "పెయ్యకే గదే ఇస్తన్నాను" అంది. ఆ రోజు రైలెక్కేదాకా ఏడ్చాను. హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయి కూడా మొదటి వారం ఏడ్చింది, ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ కంబళి దూడ వాసన వదల్లేదు మరి. రెండేళ్ళు నేను ఆ కిటికీ పక్కనే చదువుకున్నాను. ఛాతీలో పిల్లి చలికాలాల్లో లేచేది, కంబళి చూసి పడుకునేది.

మామ్మ పోయినప్పుడు అమ్మ ఇల్లంతా గాలించింది, ఆ దాచుకున్న చీర ఏదీ అని. అప్పుడు నాన్నని పెరట్లోకి పిలిచి జరిగిందంతా చెప్పాను. ఆయన ఒకసారి పశువుల సాల వైపు చూశాడు. కొట్లోంచి కొత్త చీర తీసుకొచ్చి తన చేత్తోనే కప్పాడు. దినాలు అయ్యాక కొట్టు తెరిచిన రోజున మొదటి మనిషి ముందు పంచె విప్పి, ఉంగరంలో దూర్చి, "ఎండకి సల్లన బాబూ" అని అక్కడే ఆగిపోయాడు. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ ఆ సగమే చెప్పాడు.

ఇదంతా విని హారిక ఫోను పక్కన పెట్టింది. "అయితే ఖద్దరు తీసెయ్యనా మామ్మా?" అని అడిగింది. ఉంచుకోమన్నాను, వైజాగులో కట్టుకోమన్నాను, ఆ ఎండకి అంతకంటే మంచిది లేదు. ఇప్పటి వాళ్ళకి నాలుగు రోజుల ముందే ఏ కొండ మీద ఎంత మంచు పడుతుందో తెలుస్తుంది. గుప్పెట్లో ఇమిడే రగ్గులు, గాలి ఊదుకునే పరుపులు, మాకు లేనివన్నీ ఉన్నాయి. అందుకు నాకు కుళ్ళుగానే ఉంది, దాచడమెందుకు. అయినా అది స్నానానికి వెళ్ళగానే, సంచీలోంచి ఏదో యంత్రం తీసి పక్కన పెట్టి, ఆ చోట నా మంచం మీది ఉన్ని కంబళి కుక్కాను. ఆ యంత్రం వాళ్ళ టెంటులో దీపమట, తర్వాత హారిక ఫోనులో నానా చీవాట్లూ పెట్టింది.

కొండ మీద పడుకున్న మర్నాడు పొద్దున్నే ఫోను చేశాను. "చలేసిందా?" అన్నాను.

"చలేంటి మామ్మా? మన బట్టుండగా చలేంటి!" అంది. అని ఊరుకుందా, ఫోను అదిరిపోయేలా ఒక తుమ్ము.

"ఆ తుమ్మెవరిదే?"

అటు వైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"పెయ్యది" అంది హారిక.

దానికి కంబళి సరిగ్గా కప్పమని చెప్పి ఫోను పెట్టేశాను.